పధ్నాలుగో నంబరు స్థలం

పెలికన్ పాయింట్ ఎయిర్ బేస్ క్యాంపు,
ఒకటో నంబరు స్థలం, ఫ్లోరిడా.
అక్టోబరు 6

వదినకు,

ఇక్కడ అందరం క్షేమం, కల్నల్ గారి తువ్వాలు తప్ప. ముందు ఆ సంగతి చెప్పి తర్వాత నీ క్షేమం అడుగుతాను. ఆగలేను.

సాయంత్రం ఐదింటికి జెండా దించేటప్పుడు బ్యూగిల్ మోగుతుంది కదా, అది విన్నవాళ్లు ఎక్కడున్నా జెండా వైపు తిరిగి నిలబడాలి. క్యాంపులో స్తంభం మీదున్న స్పీకర్ల తాళంచెవి క్యాంపు పెద్దనని నా దగ్గరే ఉంచారు. మొన్న మంగళవారం నాలుగున్నరకే మోగించాను. ఎందుకంటే ఏం చెప్పను, చెయ్యి దురద. కాపురముండే నలభై బండ్లలోంచి రిటైరైన వీరులంతా ఎక్కడివాళ్లక్కడ రాళ్లలా నిలబడిపోయారు. ఒకాయన చేతిలో గరిటె, పొయ్యి మీద చేప. చేప మాడిపోతోంది, ఆయన కదలడే! ఇంతలో కల్నల్ గారు నడుముకు తువ్వాలు చుట్టుకుని స్నానాల గదిలోంచి బయటికొచ్చారు. కుడిచెయ్యి గుండె మీదికి పోయింది. ఎడమచెయ్యి పక్కన నిటారుగా ఉండాలి, అది అలవాటు. తువ్వాలు ముడి వదులైంది. సముద్రం మీంచి గాలి వీచింది. కిందికి చూడనైనా లేదు వదినా ఆయన. అంత దేశభక్తి నేను నా జన్మలో చూడలేదు.

మర్నాడు క్యాంపు ఆఫీసరమ్మ పిలిపించింది. "టాకెట్, ఇంకొక్క కోతి చేష్ట చేశావంటే తాళంచెవి నా బల్ల మీద ఉంటుంది, నీ బండి గేటు బయట ఉంటుంది" అంది. "ఏమన్నారు?" అన్నాను. ఇరవై రెండేళ్లు జెట్ ఇంజన్ల కింద పడుకుని బ్రేకులు బిగించిన చెవులు నావి. మామూలుగానే సగం వినపడదు, తిట్లయితే మరీను. పాపం, ఆమె కాగితం మీద రాసి మరీ తిట్టింది.

పధ్నాలుగో నంబరు నవంబరు పదిహేను నుంచి నీ పేర అట్టే పెట్టాను. ఉత్తరాది చలికి తట్టుకోలేనివాళ్లంతా అప్పుడే దిగుతున్నారు. చోటు దొరకనివాళ్లు నీళ్లూ కరెంటూ లేని మైదానంలో రాత్రికి బండి ఆపుకుని, తెల్లారగానే నా తలుపు ముందుకొచ్చి పోట్లాట: "సముద్రం పక్కన అంత చోటు ఖాళీగా పెట్టావేం?" "అది చీఫ్ రోయిస్ టాకెట్ గారి భార్యది" అంటాను. టోపీ సర్దుకుని వెళ్లిపోతారు. అన్నయ్య పోయి మూడేళ్లయినా ఆయన పేరు ఇంకా పనిచేస్తోంది. ఆయన జీపు మాత్రం ఆయన బతికున్నప్పుడే పనిచేయలేదు. నీ కాలు నొప్పికని ఆయన పోసిన సిమెంటు మెట్టు కడిగించాను.

ఒక్క మాట. ఆగస్టులో వచ్చినప్పుడు నీ వేలికి అన్నయ్య ఉంగరం లేదు. నేను అడగలేదు. ఆ పీకాన్ గింజల తోట ఆసామి లైమన్ ఓక్స్ నీ బండి పైకప్పు కారుతుంటే బాగుచేశాడని వరసగా నాలుగు ఉత్తరాల్లో రాశావు. ఒక కప్పు ఎన్నిసార్లు కారుతుంది వదినా?

నీ మరిది,
ఆరిన్

*

లైమన్ ఓక్స్ తోట,
కటావా క్రీక్, జార్జియా.
అక్టోబరు 19

అబ్బాయ్ ఆరిన్‌కు,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. తర్వాత సిగ్గేసింది. యాభై నాలుగేళ్లు వచ్చాయి నీకు. పదిహేడేళ్లప్పుడు బడి ఎగ్గొట్టి, చేతిసంచితో మా క్వార్టర్స్ గుమ్మంలో నిలబడి "అన్నయ్య రమ్మన్నాడు" అని అబద్ధం చెప్పినవాడివి. మీ అన్నయ్య రమ్మనలేదని నాకు ఆ రోజే తెలుసు. అయినా ఇంకో గుడ్డు వేయించాను. అప్పటినుంచీ వేయిస్తూనే ఉన్నాను. నువ్వు మాత్రం ఎదగలేదు.

ఇక్కడ గింజలు రాలే రోజులు. చెట్టును పట్టి ఊపే యంత్రం వస్తుంది, పొద్దస్తమానం గింజల వాన. లైమన్‌కు బరువు పనులు చేయకూడదని డాక్టరు చెప్పాడు. ఆయన వింటేనా? చెట్లతో మాట్లాడతాడు, మనుషులు చెప్పింది వినడు. నీకు చెవులు పోయాయి, ఆయనకు చెవులుండీ లేవు. పైకప్పు సంగతి అడిగావు. పాత కప్పు, కారుతుంది.

ఉంగరం వేలికి బిగుసుకుపోతే తీశాను. భద్రంగా ఉంది.

పదిహేనుకు బయలుదేరి రావాలనే ఉంది. దారిలో ఎప్పటిలాగే ఒక రాత్రి ఏదో ఒక బేస్‌లో ఆగుతాను. ఒకసారి బేస్ దొరక్క ఒక పెద్ద దుకాణం వెనక బండి ఆపుకున్నాను, గుర్తుందా, మీ అన్నయ్య పోయిన ఏడాది? తెల్లవార్లూ ఎవరో ఒకరు బండి పక్కనుంచి నడుస్తూనే ఉన్నారు. ఒకడు తలుపు పిడి తిప్పి చూశాడు. బేస్ గేటు లోపలైతే నేను గడియ కూడా వేయను. కార్డు చూపిస్తే సెంట్రీ సెల్యూట్ చేసి "శుభరాత్రి మేడమ్" అంటాడు. ఆ మాట వింటే చాలు, నిద్ర పట్టేస్తుంది. దేశంలో ఏ మూలకు పోయినా నాకా మాట ఉంది.

ఊరికే అడుగుతున్నాను. ఒడెస్సా ప్లమ్లీ అని మన క్యాంపుకే వచ్చేది చూడు, మాస్టర్ సార్జెంటు భార్య, ఆయన పోయాక పళ్ల డాక్టరును పెళ్లి చేసుకుంది. ఆవిడ కార్డు నిజంగానే తీసేసుకున్నారా? ఎవరైనా చెప్పారా, లేక వాళ్లకే తెలిసిందా?

మీ వదిన,
వెర్నెల్

*

పెలికన్ పాయింట్ క్యాంపు
నవంబరు 2

వదినకు,

ఒడెస్సా కథా? తీసేసుకోకేం! పోయినవాడి భార్యగా ఇచ్చిన కార్డు, ఇంకొకడి భార్యవైతే ఎలా ఉంటుంది? చేసుకున్నవాడు కూడా సైన్యంలో రిటైరైనవాడైతే ఆయన లెక్కన ఇంకో కార్డు ఇద్దురు. పళ్ల డాక్టరుకు ఏ లెక్కా లేదు. కౌంటర్లో ఆమె కళ్ల ముందే కత్తెరతో రెండు ముక్కలు చేశారట. ఎవరు చెప్పారో తెలియదు. ఇలాంటివి చెప్పడానికి ఒకరు ఎప్పుడూ ఉంటారు. ఆ తర్వాత ఆవిడ ఒక్కసారి వచ్చింది, బయటివాళ్లకు గేటు దగ్గర రాసిచ్చే చుట్టం చీటీ మీద. పాత స్నేహితురాళ్లు చుట్టూ కూర్చుని "అయ్యో ఒడెస్సా" అన్నారు. మళ్లీ రాలేదు.

నువ్వెందుకు అడుగుతున్నావు? పెళ్లాడమని అడగడానికి పీకాన్ ఆసామికి మోకాలు వంగుతోందా ఏమిటి? వంగితే వంగనీ. ఆ రోజు కత్తెర పట్టుకునేది నేనే! మెట్టు బద్దలు కొట్టేది కూడా నేనే! అన్నయ్య కుర్చీలో చెట్లెక్కేవాడు కూర్చుంటాడా?

ఊరికే అన్నాను. నా నోటి దూల నీకు కొత్తా?

ఆఫీసులో పాత లెటర్ కాగితాలు చెత్తలో పడేస్తుంటే గుప్పెడు తెచ్చుకున్నాను. పైన గద్ద బొమ్మ, బంగారు గీత. దేనికైనా పనికొస్తాయి.

నీ మరిది,
ఆరిన్

*

(పైన గద్ద బొమ్మ, బంగారు గీత)
నవంబరు 5

శ్రీమతి వెర్నెల్ టాకెట్ గారికి,
విషయము: గుర్తింపు కార్డు వాపసు.

తాము సైన్యముతో సంబంధము లేని లైమన్ ఓక్స్ అను వ్యక్తిని వివాహమాడినట్లు మా దృష్టికి వచ్చినది. దివంగత సైనికుని భార్యగా తమకు గల గేటు ప్రవేశము, క్యాంపు వసతి రద్దగును. ఈ ఉత్తరము అందిన మూడు దినములలో సమీప స్థావరమునందు కార్డు అప్పగించవలెను.

(వెనుక పేజీ చూడుడు.)

(వెనుక పేజీ)

అట్లు కాక, పెలికన్ పాయింట్ ఒకటో నంబరు స్థలమున నివసించు అందగాడైన క్యాంపు పెద్దకు పీకాన్ పై అను గింజల తీపి రొట్టె నొకదానిని వేడివేడిగా సమర్పించినచో సదరు వివాహము జరగనట్లే భావింపబడును. పై చల్లారినచో జరిమానా: రెండు పైలు.

సంతకము,
జనరల్ తువ్వాలు

*

కటావా క్రీక్
నవంబరు 12

ఆరిన్‌కు,

నువ్వు పంపిన ఉత్తరం ఎనిమిదో తారీకున అందింది. మొదటి పేజీ చదివాను. వెనక్కి తిప్పలేదు.

తిప్పకపోవడానికి కారణం ఉంది. అందులో రాసింది నిజం.

జూన్ పదకొండున లైమన్‌నూ నన్నూ కోర్టు గుమస్తా పెళ్లి చేశాడు. మేలో ఆయన ట్రాక్టరు మీదే కూలబడిపోయాడు. ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. నర్సు తలుపు దగ్గర ఆపి "మీరు ఆయనకు ఏమవుతారు?" అంది. ఏం చెప్పను, ఆయన తోటలో బండి ఆపుకుంటానని చెప్పనా? రెండు రోజులు వసారాలో బెంచీ మీద కూర్చున్నాను. లోపల ఆయనకు ఎవరూ లేరు. ఇంటికొచ్చాక ఆయన అన్నాడు: "వెర్నెల్, ఈసారి పడితే నువ్వు లోపలుండాలి." అంతే, అదే ఆయన పెళ్లి మాట.

నీకు చెప్పలేదు. చెబితే క్యాంపు పెద్దగా నువ్వు నన్ను గేటు బయట పెట్టాలి, లేదా నాకోసం అబద్ధమాడాలి. నీకు రెండూ రాకుండా చూద్దామనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం, గడియ వేయకుండా పడుకునే ఆ నిద్ర నేను వదులుకోలేకపోయాను. ఆగస్టులో పెళ్లి ఉంగరం జేబులో వేసుకుని, పెళ్లయిన రెండు నెలలకు, రోయిస్ భార్యనని కార్డు చూపించాను. నువ్వు దాన్ని చూసి "ఫొటోలో దొంగలా ఉన్నావు వదినా" అని నవ్వావు. అప్పటినుంచీ నాకు సరిగ్గా నిద్ర లేదు.

తొమ్మిదో తారీకు పొద్దున్నే ఇక్కడి బేస్‌కు వెళ్లాను. కౌంటర్లో డెల్గాడో అనే ఆమె ఉంది. కార్డు బల్ల మీద పెట్టి మొత్తం చెప్పేశాను. ఆమె నీ ఉత్తరం చదివింది. వెనక్కి తిప్పింది. నవ్వింది. నా మొహం చూసి ఆపేసింది.

"అమ్మా, ఇది మా ఆఫీసు ఉత్తరం కాదు. పీకాన్ పై అడిగే ఆఫీసు మాకు లేదు."

"మరి నా కార్డు?"

"మీరు బల్ల మీద పెట్టేశారు. పెళ్లి సంగతి మీ నోటితోనే చెప్పేశారు. నేను విననట్టు ఉండలేను కదమ్మా."

"ఉండనక్కర్లేదు" అన్నాను.

"మీ అంతట మీరే తెచ్చారని రాస్తాను. ఇంకేం రాయను. ఇంతకీ ఎవరు పంపారిది?"

"తెలియదమ్మా. పొద్దుపోని తుంటరి ఎవడో. ఆ కాగితం ఇటివ్వండి, పొయ్యిలోకి పనికొస్తుంది" అన్నాను. ఇచ్చింది.

కత్తెర మాత్రం నిజమే. శబ్దం ఏమీ రాదు.

పదిహేనున రాను. పధ్నాలుగో నంబరు ఎవరికైనా ఇచ్చెయ్యి.

వెర్నెల్ ఓక్స్

*

పెలికన్ పాయింట్ క్యాంపు
నవంబరు 18

ఇది నాలుగో కాగితం. మూడు చింపేశాను.

పైన ఏమని పిలవాలో తెలియక ఆగిపోతున్నాను. ముప్పై ఏడేళ్లుగా ఒక్కటే మాట తెలుసు నాకు. ఇప్పుడు ఆ మాట మీద నాకు హక్కుందో లేదో తెలియదు. "శ్రీమతి ఓక్స్" అని రాసి చూశాను. ఎవరో పరాయి మనిషికి కరెంటు బిల్లు పంపుతున్నట్టుంది.

కత్తెర పట్టేది నేనే అన్నాను. నేనే పట్టాను.

నాకు ముందే తెలిసి రాశానని అనుకోకు. తెలియదు. కానీ నిజం చెబుతున్నాను, భయం మాత్రం ఉంది. నువ్వు ఆయన్ను చేసుకుంటే సముద్రం పక్కకు ఇంక రావు. ఏటా ఆ ఆరు వారాలు నువ్వు ఇక్కడ గుడ్డు వేయిస్తుంటే నేను ఇంటికి పోయినట్టు ఉంటుంది. ఆ భయాన్నే జోకు చేసి పంపాను. నాకు ఇంకో విధంగా చెప్పడం రాదు. నేను చదువుకున్నది పదో తరగతి దాకా, దాంట్లో ఇది నేర్పలేదు.

ఆసుపత్రి బెంచీ మీద రెండు రోజులు కూర్చున్నావు. ఒక్క ముక్క రాసి ఉంటే వచ్చేవాణ్ణి. ఎందుకు రాస్తావులే? మెట్టు బద్దలు కొడతానన్నవాడికి.

నిన్న ఆఫీసరమ్మ దగ్గరికి వెళ్లి, లెటర్ కాగితాల దొంగను నేనేనని, దొంగ ఉత్తరం రాశానని చెప్పి తాళంచెవి బల్ల మీద పెట్టాను. ఆమె లేచి తలుపు మూసింది. తర్వాత చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏమన్నావు టాకెట్? నాకు వినపడలేదు" అంది. తాళంచెవి నా వైపు తోసింది. మిగిలిన కాగితాలు మాత్రం తెచ్చి ఇమ్మని రాసి చూపించింది. ఇచ్చేశాను.

పధ్నాలుగో నంబరు ఇవాళ ఒక నేవీ జంటకు ఇచ్చాను. మంచివాళ్లు. మెట్టు మీద చెప్పులు విడుస్తున్నారు.

నా పేరు మీద చుట్టం చీటీ రాయించవచ్చు. గేటు దగ్గరికి నేనే వస్తాను. ఇద్దరికీ. నా పక్కనే బండి పెట్టుకోవచ్చు. ఎవరైనా "అయ్యో వెర్నెల్" అన్నారో, వాళ్ల తువ్వాళ్ల సంగతి నేను చూసుకుంటాను.

ఆరిన్

*

ఎరల షాపు వెనక,
కంచెకు ఇటుపక్క.
డిసెంబరు 9

ఆరిన్‌కు,

మొన్న వచ్చాం. నీకు రొయ్యపిల్లల ఎర అమ్మే ఆమె ఉంది కదా, ఆమె షాపు వెనక ఖాళీ జాగాలో రాత్రికి ఆపుకోనిచ్చింది. తర్వాత "ఉండండి, మీవల్ల నా కుక్కకు తోడు" అంది. ఇక్కడినుంచి మీ కంచె రెండు వందల అడుగులు. నీ బండి మీది ఆకుపచ్చ గొడుగు కనబడుతోంది. ఆ గొడుగు నువ్వు ఉతికి ఎన్నేళ్లయింది?

చీటీ మీద లోపలికి రాను. ముప్పై ఏడేళ్లు ఆ గేట్లలోంచి ఇంటిమనిషిగా నడిచాను. ఇప్పుడు చుట్టాన్నని రాయించుకోలేను. ఒడెస్సా మళ్లీ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలిసింది. అప్పట్లో "అయ్యో ఒడెస్సా" అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మొదటి రాత్రి గడియ వేసి, గడియకు కుర్చీ అడ్డం పెట్టాను. లైమన్ చూసి "ఇక్కడ దొంగలుంటారా?" అన్నాడు. "ఉండరు, అలవాటు" అన్నాను. తలుపు వైపు మంచం ఎప్పుడూ నాదే. ఆయన లేచి అటు పడుకున్నాడు. పొద్దున లేచేసరికి ఆరున్నర. ఆయన గురక కంటే జెట్ ఇంజను నయం, నీకైతే ఇబ్బంది ఉండదు.

నిన్న సాయంత్రం జరిగింది రాద్దామనే ఈ కాగితం తీశాను. గాలి ఇటునుంచి అటు కొడుతోంది. నేను మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాను. ఎందుకో తలెత్తి చూస్తే చెట్ల పైన జెండా అప్పటికే సగం దిగింది. బ్యూగిల్ నాకు వినపడనేలేదు. కంకి పడేసి నిలబడేసరికి జెండా లేదు. పెళ్లయి రోయిస్ వెంట వచ్చిన రోజునుంచి నేను ఒక్కసారి కూడా ఆలస్యంగా నిలబడలేదు. ఆయన్ను పాతిపెట్టిన రోజున కూడా లేదు. లైమన్ "ఏమైంది?" అన్నాడు. "ఏం లేదు, దాటిపోయింది" అన్నాను.

కార్డు పోతే కోపం వచ్చింది. ఇదైతే ఏడుపొచ్చింది.

ఈ ఉత్తరం ఎరల ఆమె రేపు నీకు రొయ్యపిల్లలతో పాటు ఇస్తుంది. తడిస్తే ఆమెను తిట్టకు.

వెర్నెల్

*

పెలికన్ పాయింట్ క్యాంపు
డిసెంబరు 10

తడిసింది. అయినా చదివాను.

స్తంభం మీద స్పీకర్లు నాలుగున్నాయి. నాలుగూ క్యాంపు వైపే. ఇవాళ మధ్యాహ్నం నిచ్చెన వేసుకుని ఎక్కి, తూర్పు వైపు దానికి బోల్టు వదులు చేసి, కంచె అవతలికి తిప్పి బిగించాను. విమానం బ్రేకు బిగించినట్టు బిగించాను, తుఫానొచ్చినా కదలదు. దిగేసరికి కింద ఆఫీసరమ్మ.

"టాకెట్, అదేమిటి బయటికి చూస్తోంది?"

"గాలికి తిరిగిందండీ."

"గాలే లేదు ఇవాళ."

"నిన్నటి గాలికి."

ఆమె ఎరల షాపు వైపు చూసింది, మీ బండి వైపు చూసింది. "ఈ గాలి మళ్లీ మళ్లీ వీస్తుందా?" అంది. "ఒక్కసారేనండీ" అన్నాను. నిచ్చెన లోపల పెట్టమని వెళ్లిపోయింది. దీనివల్ల కల్నల్ గారికి కొంచెం తక్కువ వినబడుతుంది. ఆయనకు ఆ తగ్గడం మంచిదే, తువ్వాలు దృష్ట్యా.

ఐదంటే ఐదింటికే మోగుతుంది. ముందు కాదు, తర్వాత కాదు. అన్నయ్య మీద ఒట్టు. ఆ టైముకు ఓక్స్ గారి చేతిలో వేడి పెనం ఏదీ లేకుండా చూడు.

గొడుగు ఉతికాను.

ఆరిన్

*

కంచెకు ఇటుపక్క
డిసెంబరు 12

ఆరిన్‌కు,

వినబడింది. షాపులో గాజు సీసాలు కూడా అదిరాయి. కుక్క మంచం కింద దూరింది. లైమన్ నన్ను చూసి తానూ టోపీ తీసి నిలబడ్డాడు, కాకపోతే సముద్రం వైపు తిరిగి. జెండా ఎటుందో రేపు చూపిస్తాను.

నీకు గేటు దగ్గరికి రావడం శ్రమ కాకపోతే ఆదివారం పదకొండింటికి రా. ఆ చీటీ ఇద్దరికీ రాయించు. నేవీ ఆవిడకు ఆ మెట్టు మీద చెప్పులు విడవడం కాదు, కాళ్లు చాపుకుని కూర్చోవడం నేర్పాలి.

(వెనక పేజీ చూడు. నువ్వైనా తిప్పి చూడు.)

(వెనక పేజీ)

పై వేడిగానే తెస్తాను. జనరల్ గారికి ఒక్క ముక్కే. పెళ్లి మాత్రం జరిగినట్లే.

ఇట్లు,
మీ వదిన